సారా గామా: ఆట కూడా ఉద్యోగమే

అందరికీ నమస్కారం. ఇక్కడ ప్రాక్టీస్ చేస్తున్న అమ్మాయిలకీ, వాళ్లని పొద్దున్నే గ్రౌండ్‌కి పంపిస్తున్న అమ్మానాన్నలకీ, పీఈటీ సార్లకీ మేడమ్‌లకీ ముందుగా నా ధన్యవాదాలు.

ఫుట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా గోల్ కొట్టినవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడతారు. నేను ఒక డిఫెండర్ గురించి మాట్లాడదామని వచ్చాను. ఆమె పేరు సారా గామా. ఇటలీ జాతీయ జట్టుకి 140 మ్యాచ్‌లు ఆడింది, ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉంది. ఆమె గెలిచిన కప్పులు చాలానే ఉన్నాయి. నా దృష్టిలో మాత్రం వాటన్నిటికంటే పెద్ద పని ఆమె మైదానం బయట చేసింది. ఆ పని ఎంత విలువైనదో తెలియాలంటే ముందు ఆమె ఆట గురించి చెప్పాలి.

2019 జూన్ 9. ఫ్రాన్స్‌లో వాలెన్సియెన్ అనే ఊరు. మహిళల ప్రపంచ కప్‌లో ఇటలీకి మొదటి మ్యాచ్, ఎదురుగా ఆస్ట్రేలియా. ఇటలీ అమ్మాయిలు ప్రపంచ కప్ ఆడి అప్పటికి 20 ఏళ్లు అయింది. చివరిసారి ఆడింది 1999లో. అంత నిరీక్షణ తర్వాత వచ్చిన మ్యాచ్‌లో, 22వ నిమిషంలో, బాక్స్ లోపల సామ్ కెర్‌ని కెప్టెన్ గామానే పట్టి లాగింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చింది. కెర్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ లారా జూలియాని ఆపింది కానీ, తిరిగొచ్చిన బంతిని కెర్ మళ్లీ వలలోకి తన్నేసింది. ఆస్ట్రేలియా 1, ఇటలీ 0.

డిఫెండర్ బతుకు ఇదే. 89 నిమిషాలు తప్పు లేకుండా ఆడినా స్కోర్‌బోర్డు మీద ఏమీ కనపడదు. ఒక్క సెకను తప్పు జరిగితే ప్రపంచమంతా చూస్తుంది. ఇక్కడ డిఫెన్స్‌లో ఆడే అమ్మాయిలు ఆ తర్వాతి 70 నిమిషాల వీడియో దొరికితే తప్పకుండా చూడండి. గామా తల దించుకోలేదు, కంగారుపడి తన స్థానం వదిలి ముందుకి పరిగెత్తలేదు. డిఫెన్స్ లైన్‌ని పైకి జరుపుతూ, చేత్తో సైగలు చేస్తూ, అంతకుముందు ఎలా ఆడిందో అలాగే ఆడింది. 56వ నిమిషంలో బార్బరా బొనన్సేయా ఒక ఆస్ట్రేలియా డిఫెండర్ కాలి దగ్గర బంతి లాక్కుని స్కోరు సమం చేసింది. అదనపు సమయం ఐదో నిమిషంలో ఆమే తలతో రెండో గోల్ కొట్టింది. ఇటలీ 2-1తో గెలిచింది. ఆ తర్వాత జమైకా మీద 5-0. బ్రెజిల్ చేతిలో 0-1తో ఓడినా గ్రూపులో మొదటి స్థానం ఇటలీదే. నాకౌట్‌లో చైనాని 2-0తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ నెదర్లాండ్స్ 2-0తో ఆపేసింది. బ్రెజిల్ మ్యాచ్‌ని ఇటలీ ప్రభుత్వ టీవీ మొదటి ఛానల్‌లో 60 లక్షల మందికి పైగా చూశారు. మహిళల ఫుట్‌బాల్‌ని అంతమంది చూడటం ఆ దేశంలో అదే మొదటిసారి.

ఆ వేసవిలో ఇటలీ ఇళ్లలో ఆ అమ్మాయిల పేర్లు అందరి నోళ్లలో నానాయి. అయితే చట్టం ప్రకారం ఆ జట్టులో సొంత దేశంలో ఆడుకునే వాళ్లెవరూ ప్రొఫెషనల్ క్రీడాకారిణులు కారు. అందరూ అమెచ్యూర్లే. క్లబ్బుకి ఆడటం వాళ్ల ఉద్యోగం కింద లెక్కలోకి రాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

గామా 1989 మార్చిలో ట్రియెస్తెలో పుట్టింది. ఇటలీకి ఈశాన్య కొసన, స్లోవేనియా సరిహద్దుని ఆనుకుని ఉన్న రేవు పట్టణం అది. ఇటాలియన్, స్లోవేనియన్, జర్మన్ మాటలు తరతరాలుగా కలిసి వినిపించిన ఊరు. వాళ్లమ్మది ట్రియెస్తె, నాన్నది కాంగో. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడుతూనే ఆట నేర్చుకుంది. ఇటలీలో కూడా అప్పట్లో అమ్మాయికి ఫుట్‌బాల్ కావాలంటే వేరే దారి ఉండేది కాదు. కొంత వయసు వచ్చాక అబ్బాయిల జట్టులో ఆడనివ్వరు. అప్పుడు దగ్గర్లో అమ్మాయిల జట్టు ఉంటే ఆట సాగుతుంది, లేకపోతే అక్కడితో సరి. ఎంతమంది ఆట అలా ఆగిపోయిందో ఎవరు లెక్క పెట్టారు?

గామాకి ట్రియెస్తె దగ్గర్లోని ఉదినె జిల్లాలో జట్లు దొరికాయి. మొదట తవాన్యాక్కొకి, తర్వాత కియాసియెల్లిస్‌కి ఆడింది. ఇవి చిన్న చిన్న ఊళ్ల క్లబ్బులు. మిలాన్, టొరీనో లాంటి మహానగరాల పెద్ద క్లబ్బులు అమ్మాయిల వైపు చూడని రోజుల్లో ఇటలీ మహిళల ఫుట్‌బాల్‌ని నిలబెట్టింది ఇలాంటి ఊళ్లే. ఆ ఊళ్లకి రావలసినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధ. ఆడుతూనే ఆమె ఉదినె విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల్లో డిగ్రీ పూర్తి చేసింది. ఆటతో బతకలేమని ఆ తరం అమ్మాయిలందరికీ తెలుసు, చేతిలో ఇంకో ఆధారం ఉండాల్సిందే.

2006లో, 17 ఏళ్ల వయసులో సీనియర్ జాతీయ జట్టులోకి వచ్చింది. 2008లో అండర్-19 జట్టు కెప్టెన్‌గా ఫ్రాన్స్‌లో యూరోప్ కప్ గెలిచింది. ఫైనల్లో నార్వే మీద 1-0. ఇటలీ అమ్మాయిలు ఏ వయసు విభాగంలోనైనా గెలిచిన మొదటి యూరోప్ టైటిల్ అది. ఇంత జరిగినా దేశంలో పెద్దగా ఏమీ మారలేదు.

ఎందుకు మారలేదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1933లో మిలాన్‌లో కొందరు అమ్మాయిలు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. లంగాలు వేసుకుని ఆడారు. గోల్‌కీపర్‌గా మాత్రం అబ్బాయే ఉండాలన్నారు, బంతి తగిలితే పిల్లలు పుట్టరేమోనని భయం. కొన్ని నెలలకే ముస్సోలినీ ప్రభుత్వం ఆ ఆటని కూడా ఆపేసింది. 1968లో అమ్మాయిల కోసం విడిగా ఒక సమాఖ్య పుట్టింది. ప్రధాన ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్లని తనలో కలుపుకున్నది 1986లో. అలా కలుపుకుని కూడా అమెచ్యూర్ల విభాగంలోనే ఉంచింది. 2015లో ఆ విభాగం అధ్యక్షుడే మహిళా క్రీడాకారిణుల గురించి అవమానకరంగా మాట్లాడాడని బయటపడింది. ఆ ఏడాది ఇటలీ కప్ ఫైనల్‌ని నిరసనగా క్రీడాకారిణులు ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆ అధ్యక్షుడు పదవి పోగొట్టుకున్నాడు.

గామా అప్పుడు పారిస్‌లో ఉంది. 2013లో ఇటలీ క్లబ్బు బ్రెష నుంచి పారిస్ సెయింట్ జెర్మైన్‌కి వెళ్లి రెండేళ్లు ఆడింది. ఆ క్లబ్ 2015లో యూరోప్ క్లబ్బుల టోర్నమెంట్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లి ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 2-1తో ఓడింది. క్లబ్బుతో కాంట్రాక్టు, పూర్తి సమయం ఆటే పని, పక్కనే ఫిజియో, జిమ్. తన దేశంలో లేనిదేమిటో ఆమె అక్కడ రోజూ కళ్లారా చూసింది. చాలామంది అలాంటి చోటే ఉండిపోతారు. ఆమె బ్రెష‌కి తిరిగొచ్చి 2016లో ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సెరీ ఆ టైటిల్ గెలిచింది.

బయటికి వెళ్లి ఆడటమంటే ఏమిటో మనకీ కొంత తెలుసు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. జాగ్రెబ్‌కీ గామా పుట్టిన ట్రియెస్తెకీ మధ్య స్లోవేనియా ఒక్కటే అడ్డం. సౌమ్య లాంటి వాళ్లు బయట చూసి వచ్చింది ఇక్కడ చెబుతున్నప్పుడు మన సంఘాలు కూర్చుని వినాలి. ఇది నా గట్టి కోరిక.

2017లో టొరీనో నగరపు పెద్ద క్లబ్బు యువెంటస్ మహిళల జట్టు పెట్టింది. మొదటి కెప్టెన్ గామా. మొదటి సీజన్ చివర టైటిల్ ఎవరిదో తేల్చడానికి నొవారాలో ప్లే-ఆఫ్ ఆడాల్సి వచ్చింది. ఎదురుగా ఆమె పాత జట్టు బ్రెష. గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో యువెంటస్ గెలిచింది. కొన్ని వారాల్లోనే బ్రెష తన లీగ్ స్థానాన్ని మిలాన్‌కి ఇచ్చేసింది. పెద్ద క్లబ్బులు రావడం మంచిదే, కానీ ఏళ్ల తరబడి దీపం ఆరిపోకుండా కాపాడిన చిన్న క్లబ్బులు అలా పక్కకి తప్పుకోవాల్సి రావడం న్యాయం కాదని నా అభిప్రాయం. యువెంటస్ ఆ తర్వాత కూడా ఆగలేదు, 2018 నుంచి 2022 వరకు వరసగా ఐదు టైటిళ్లు. 2020-21లో 22 మ్యాచ్‌లు ఆడి 22 గెలిచింది. 2019 మార్చి 24న అబ్బాయిలు ఆడే పెద్ద స్టేడియంలో ఫియొరెంతీనాతో మ్యాచ్ పెడితే 39,027 మంది వచ్చారు. అమ్మాయిల ఆట ఎవరు చూస్తారన్న వాళ్లకి ఇంతకంటే సమాధానం అక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. ఇటలీలో 1981 నాటి 91వ నంబరు చట్టం ప్రొఫెషనల్ క్రీడాకారులంటే ఎవరో చెప్పేది. ఏ విభాగం ప్రొఫెషనలో తేల్చే అధికారం ఆ చట్టం క్రీడా సమాఖ్యలకే ఇచ్చింది. ఆ సమాఖ్యలు ఏం చేశాయంటే, ఆ హోదా పురుషులకి మాత్రమే ఇచ్చి ఊరుకున్నాయి. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. ఒలింపిక్ పతకాలు గెలిచిన మహిళలు సహా అప్పట్లో ఆ దేశంలో ఏ ఆటలోనూ ఒక్క మహిళ కూడా చట్టం ప్రకారం ప్రొఫెషనల్ కాదు. క్లబ్బు ఇచ్చే డబ్బుకి పరిమితి ఉండేది, ఏడాదికి 30,000 యూరోలకి కాస్త పైన. మన రూపాయల్లో పెద్ద మొత్తంలా వినిపించొచ్చు. కానీ అది పై హద్దు. చాలామందికి అందులో ఎంతో తక్కువే దక్కేది. పింఛను ఖాతా ఉండేది కాదు, మనం గ్రాట్యుటీ అనేలాంటిది ఉండేది కాదు. గర్భం వస్తే ఆట ఆగిపోయేది, దాంతో పాటే ఆదాయం కూడా. 2018లో ప్రభుత్వం తల్లులయ్యే క్రీడాకారిణుల కోసం ఒక సహాయ నిధి పెట్టింది. మంచిదే. కానీ దయతో ఇచ్చేది వేరు, హక్కుగా వచ్చేది వేరు.

గామా ఈ మాటని ఎక్కడికి వెళ్లినా వదల్లేదు. రోమ్‌లో రాష్ట్రపతి భవనంలో, రాష్ట్రపతి సెర్జియో మత్తరెల్లా ఎదుట నిలబడి ఇటలీ రాజ్యాంగంలోని 3వ అధికరణాన్ని గుర్తు చేసింది. స్త్రీ పురుష భేదం, జాతి, భాష, మతం ఏదీ అడ్డు రాకుండా పౌరులందరూ సమానమని చెప్పే అధికరణం అది. అడ్డంకుల్ని తొలగించడం ప్రభుత్వం బాధ్యత అని కూడా అందులోనే ఉంది. కాంగో తండ్రికీ ఇటలీ తల్లికీ పుట్టిన అమ్మాయి, జాతీయ జట్టు కెప్టెన్, దేశాధినేత ముందు ఆ మాట అన్నప్పుడు దానికి రెండింతల బరువు ఉంటుంది. 2018లో బార్బీ కంపెనీ ఆమె రూపంలో ఒక బొమ్మ చేసింది. పత్రికలు దాని గురించే ఎక్కువ రాశాయి. నాకు మాత్రం 2020 సంగతి ముఖ్యం. ఆ ఏడాది ఆమె ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘానికి ఉపాధ్యక్షురాలైంది. అంటే కార్మిక సంఘం పని. ఫైళ్లు చదవాలి, గంటలకొద్దీ మీటింగుల్లో కూర్చోవాలి, క్లబ్బుల యజమానులు ఖర్చు భరించలేమంటే జవాబు చెప్పాలి. పొద్దున ప్రాక్టీస్ చేసి, వారాంతం మ్యాచ్ ఆడుతూ ఇదంతా చేసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ తరం మొత్తం కలిసి చేసిన పోరాటం ఇది. కానీ మీటింగులో కుర్చీ ఉన్నది ఆమెకి.

ఫుట్‌బాల్ సమాఖ్య 2020 జూన్‌లో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2022 జులై 1 నుంచి మహిళల సెరీ ఆ ప్రొఫెషనల్ లీగ్ అయింది. ఇటలీలో ఆ హోదా దక్కిన మొదటి మహిళల ఆట అదే. కనీస జీతం, బీమా, పింఛను, ప్రసూతి రక్షణ, సరైన కాంట్రాక్టు, అన్నీ వచ్చాయి. దీనికి ఒక ధర కూడా ఉంది. ఖర్చు పెరుగుతుందని లీగ్‌ని 12 జట్ల నుంచి 10కి తగ్గించారు. మళ్లీ 12 చేసింది 2025-26లోనే.

ఆ హోదా వచ్చిన 2022 జులైలోనే ఇంగ్లాండ్‌లో జరిగిన యూరో కప్‌లో ఇటలీ ఫ్రాన్స్ చేతిలో 5-1తో చిత్తయి గ్రూపులోనే ఇంటికొచ్చింది. కెప్టెన్ గామానే. 2023 ప్రపంచ కప్‌కి కోచ్ మిలేనా బెర్తొలీని ఆమెని తీసుకోలేదు. ఆ జట్టు కూడా గ్రూపు దాటలేదు, స్వీడన్ చేతిలో 5-0, దక్షిణాఫ్రికా చేతిలో 3-2. గామా ఉంటే గెలిచేదని నేను అనను, 34 ఏళ్ల డిఫెండర్ వేగం గురించి కోచ్‌కి సందేహం ఉండొచ్చు. కానీ ఆమెని పక్కన పెట్టిన పద్ధతి నాకు నచ్చలేదు. 2024 ఫిబ్రవరిలో ఐర్లాండ్‌తో ఫ్లోరెన్స్‌లో చివరి మ్యాచ్ ఆడి ఇటలీ నీలి జెర్సీకి వీడ్కోలు చెప్పింది.

డిఫెన్స్ ఆడే అమ్మాయిలకి ఒక మాట. ఆమె ఆట వీడియోల్లో ట్యాక్లింగ్‌లు ఎక్కువ కనపడవు. బంతి ఎటు రాబోతోందో ముందే చూసి, స్ట్రైకర్ కంటే అర సెకను ముందు అక్కడ ఉండటం ఆమె పద్ధతి. వెనక్కి తిరిగి పరిగెత్తాల్సి వస్తే వేగం ఉంది, కానీ అది చివరి ఆయుధం. కిందపడి జారాల్సి వచ్చిందంటే అంతకుముందే ఎక్కడో నిలబడిన చోటు తప్పిందని అర్థం. రేపు ప్రాక్టీస్‌లో దీన్నే చూడండి.

అమ్మానాన్నలకి ఇంకో మాట. మీ అమ్మాయికి ఏ క్లబ్బు అయినా అవకాశం ఇస్తే, సంతోషంతో పాటు కాగితం కూడా అడగండి. జీతం ఎంత, గాయమైతే వైద్యం ఎవరిది, కాంట్రాక్టు ఎన్నాళ్లు. ఇది అత్యాశ కాదు, పనిచేసేవాళ్ల హక్కు.

ఇటలీలో కూడా పని అయిపోలేదు. మహిళల రెండో డివిజన్ సెరీ బి ఇంకా అమెచ్యూరే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మహిళల వాలీబాల్ జట్టు క్రీడాకారిణులు ఆడే దేశీయ లీగ్‌కి కూడా ప్రొఫెషనల్ హోదా రాలేదు.