అన్నం మానక్కర్లేదు, గుట్ట తగ్గించాలి

[బల్ల మీద స్టీలు కంచం, పక్కన వంటింటి తక్కెడ. ముందు చేతులే కనిపించాలి.]

ఇది మా నాన్న మధ్యాహ్నం పెట్టుకునే అన్నం. రెండేళ్ల క్రితం వరకు రోజూ ఇంతే, దీంట్లో పప్పు కొంత, పులుసు కొంత, చివర్లో మజ్జిగకి మళ్లీ ఓ గరిటె. తూచి చూపిస్తాను ఉండండి.

[తక్కెడ దగ్గరగా: 450 గ్రాములు]

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఈ కంచంలో 126 గ్రాములు. అది అరిగితే అయ్యేది గ్లూకోజే, అంటే ఒక్క పూటకి పాతిక చెంచాల పంచదారకి సరిపడా పిండి. నాన్న మాత్రం టీలో పంచదార మానేశాను, షుగర్ ఎందుకు తగ్గట్లేదని టెన్షన్ పడేవారు.

[ఇప్పుడు ముఖం.]

మాది రాజాం దగ్గర పల్లెటూరు. నాన్నకి షుగర్ బయటపడినప్పుడు పరగడుపున 190, తిన్న రెండు గంటలకి 290. మాత్రలు రాసి "అన్నం తగ్గించండి" అని పంపేశారు. ఎంత తగ్గించాలి, తగ్గించిన చోట ఏం పెట్టాలి, ఆకలేస్తే ఏం చెయ్యాలి, ఇవేవీ ఎవరూ చెప్పలేదు. అవన్నీ ఇంట్లో ఒక్కొక్కటీ తేల్చుకోవాల్సి వచ్చింది, ఈ వీడియో ఆ సంగతుల కోసమే.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పేస్తాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా సగం చెయ్యొద్దు. మందు డోసు పాత కంచానికి సరిపడా ఉంటుంది, కంచం చిన్నదైతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లు కూడా పిండిపదార్థం బాగా తగ్గించే ముందు తప్పకుండా అడగాలి.

సరే, మా ఇంట్లో మొదట జరిగిన పొరపాటు చెబుతాను. నాన్నకి షుగర్ అని తెలియగానే ఊళ్లో అందరూ చెప్పింది చోడి అంబలి, అంటే రాగి జావ. చోళ్లు మన పంట, మన తిండి, పీచు ఉంటుంది, కాల్షియం బాగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే చోడిపిండిలో 70 దగ్గరగా ఉంటుంది, తేడా అంతే. పైగా మెత్తగా పిండి ఆడించి, ఉడికించి, పల్చగా తాగేస్తే అరగడానికి ఏమంత సమయం పట్టదు. నాన్న పొద్దున్నే రెండు పెద్ద గ్లాసుల అంబలి తాగి, మధ్యాహ్నం అన్నం ఎప్పటిలాగే తినేవారు. అది తగ్గించడం ఎలా అవుతుంది, కలపడం అవుతుంది. రాత్రి నాలుగు చపాతీలదీ అదే సంగతి, ఒక్కోదాంట్లో 15 నుంచి 20 గ్రాములు వేసుకోండి. పంచదార బదులు బెల్లం అన్నా రక్తంలో పెద్ద తేడా ఉండదు. చద్దన్నం గురించి చాలామంది అడుగుతారు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది, నిజమే, కానీ ఆ లాభం చిన్నది, గిన్నెడు తింటే గిన్నెడే.

[రెండో కంచం. ఈసారి ముందు కూర, ఆఖర్న అన్నం.]

ఇప్పుడు నాన్న కంచం ఇది. అన్నం 150 గ్రాములు, అంటే 42 గ్రాముల పిండిపదార్థం. సగం కంచం ఆనపకాయో, బీరకాయో, దొండకాయో, తోటకూరో. మిగిలిన చోట గుడ్లు, లేదా చేప, లేదా గట్టి పప్పు. సముద్రం ఒడ్డున ఉన్న చింతపల్లి వైపు నుంచి నెత్తళ్లు, కవళ్లు దొరికిన రోజు అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. అరటికాయ, చేమదుంప, కంద కూర అయితే మాత్రం అన్నం ఇంకా తగ్గిస్తాం, వాటిలోనూ పిండే కాబట్టి.

మొదటి రోజు ఈ కంచం చూసి నాన్న "ఏటమ్మా ఇది, పిట్టకి పెట్టినట్టు పెట్టేవు" అన్నారు. రెండో రోజు అసలు చిక్కు బయటపడింది. కూర ఒట్టిగా తినలేకపోతున్నారు. ఆలోచిస్తే తప్పు ఆయనది కాదు. మనం కూరలు వండేదే అన్నంలో కలుపుకోవడానికి, ఒక ముద్ద కూరకి నాలుగు ముద్దల అన్నం లెక్కన ఉప్పూ కారమూ వేస్తాం. ఆ కూరని కప్పులకొద్దీ తినమంటే నోరు మండుతుంది, ఉప్పుతో బీపీ కూడా పెరుగుతుంది. అందుకని అమ్మ వంటే మార్చింది. కూర రెండింతలు, ఉప్పూ కారం సగం, దాంట్లో వేయించిన నువ్వుల పొడి గానీ ఆవపిండి గానీ, కాస్త కొబ్బరి. ఆవపెట్టిన పనసపొట్టు కూర అన్నం లేకుండా ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది మాకు. కంచం మార్చాలంటే ముందు గిన్నె మారాలి, ఇది షుగర్ ఉన్నవాళ్లకంటే వాళ్లకి వండిపెట్టేవాళ్లకి ఎక్కువ అవసరమైన మాట.

తినే వరస కూడా ముఖ్యం. కూర, గుడ్డు ముందు, అన్నం ఆఖర్న. పీచూ ప్రోటీనూ ముందు వెళితే కడుపులోంచి తిండి నెమ్మదిగా పేగులోకి జారుతుంది, గ్లూకోజ్ ఒక్కసారిగా రక్తంలోకి పోటెత్తదు. 2015లో న్యూయార్క్‌లో టైప్ 2 డయాబెటిస్ ఉన్న 11 మందికి ఒకే భోజనం రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలూ మాంసం ముందు తిన్న రోజు గంట తర్వాత గ్లూకోజ్ 37 శాతం తక్కువ ఉంది. చిన్న పరీక్షే, కానీ ఖర్చు లేనిది, మా ఇంట్లో మీటర్ కూడా తేడా చూపించింది. తిన్నాక పది, పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రండి, కండరాలు ఆ గ్లూకోజ్‌ని లాగేసుకుంటాయి.

[తెర మీద: ఉద్దానం వాళ్లు ఇది తప్పకుండా వినండి]

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఈ వైపు నుంచి చూస్తున్నవాళ్లు గుడ్లూ పప్పూ చేపలూ పెంచే ముందు క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష చేయించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీలు దెబ్బతిన్నాక ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి, కొబ్బరినీళ్లలోని పొటాషియం కూడా కొందరికి ప్రమాదం. ఒకరి కంచం ఇంకొకరికి సరిపోదు, నాన్న కంచం కూడా అంతే.

టిఫిన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. నాలుగు ఇడ్లీల కంటే బియ్యం కలపని పెసరట్టు మంచిది, పెసల్లో ప్రోటీన్ ఉంది, పీచు ఉంది. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లో వేరుశనగ గుళ్లో గుప్పెడు. టీలో రెండు చెంచాల పంచదార అంటే 10 గ్రాములు, రోజుకి నాలుగు టీలంటే 40, దాదాపు నాన్న ఇప్పుడు తినే అన్నంలోని పిండిపదార్థమంత. జామకాయ తినొచ్చు, లేత తాటిముంజలు ఒకటి రెండు తినొచ్చు, మామిడిపండు ముక్కలుగా కోసి రెండు ముక్కలు. తేగలు మాత్రం పిండే.

వీటన్నిటికీ మీటర్ తోడుండాలి. తినడానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఒకసారి. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు అనేది మామూలు లక్ష్యం, బాగా పెద్దవాళ్లకి డాక్టర్లు కొంత సడలిస్తారు.

[గోడ మీద క్యాలెండర్.]

నాన్న తిన్నాక చూసుకున్న అంకెలు ఈ క్యాలెండర్ గడుల్లోనే రాస్తారు. ఇదిగో 164, 171, 158. ఇది పెద్దపండగ రోజు, 236, కింద చిన్న అక్షరాలతో "అరిసెలు మూడు" అని ఆయనే రాసుకున్నారు. మర్నాడు 169.