గొంతు నొప్పి తగ్గాక ముఖం ఉబ్బితే: స్ట్రెప్టోకాకస్ తర్వాతి కిడ్నీ వాపును ఎలా నిర్ధారిస్తారు?

[తెరపై: నిద్ర లేచిన పిల్లవాడి ముఖం, కళ్ల చుట్టూ ఉబ్బు]

నమస్కారం. గొంతు నొప్పి తగ్గి, మళ్లీ బడికి వెళ్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక రోజు పొద్దున్నే కళ్లు ఉబ్బి లేచాడనుకుందాం. మూత్రం డికాక్షన్ రంగులో, అదీ కొద్దికొద్దిగానే వస్తోంది. కామెర్లేమోనని పసరు మందుకు తీసుకెళ్లవద్దు; ఆ రోజే డాక్టరుకు చూపించి, బీపీ కొలిపించి, మూత్ర పరీక్ష చేయించాలి.

గొంతు నొప్పిని, చర్మంపై చీము పుండ్లను తెచ్చే గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా నేరుగా కిడ్నీలో చేరి చేసే హాని కాదిది. ఆ బ్యాక్టీరియా ప్రోటీన్లు, వాటిపై శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు కలిసి, రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్‌లలో పేరుకొని వాపును పుట్టిస్తాయి. దీనికి వ్యవధి పడుతుంది గనుక, గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత 1 నుంచి 3 వారాలకు, చర్మంపై చీము పుండ్ల తర్వాత 3 నుంచి 6 వారాలకు జబ్బు బయటపడుతుంది. గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రబడితే ఐజీఏ నెఫ్రోపతీ అనే వేరే జబ్బును అనుమానించాలి. గజ్జి గోకగా పుట్టిన పుండ్లు అప్పటికే మానిపోయి ఉంటాయి కాబట్టి తల్లిదండ్రులకు గుర్తుండకపోవచ్చు. కాళ్లపై మచ్చలను వెతికి చూడటం డాక్టరు పని.

[తెరపై: మైక్రోస్కోప్ కింద ఎర్ర రక్తకణాల కాస్ట్]

మూత్రంలో రూపం చెడిన ఎర్ర రక్తకణాలు, అవి కిడ్నీ నాళికల్లో అచ్చు పోసినట్టు గడ్డకట్టిన కాస్ట్‌లు కనిపిస్తే, రక్తం మూత్రాశయం నుంచి కాక గ్లోమెరులస్‌ల నుంచే వస్తోందని తేలుతుంది. తాజా మూత్రాన్నే చూడాలి. ఆలస్యమైతే కాస్ట్‌లు కరిగిపోతాయి.

రక్త పరీక్షల్లో ఏఎస్ఓ (స్ట్రెప్టోకాకస్‌పై తయారైన ఒక యాంటీబాడీని కొలిచే పరీక్ష) గురించి అందరూ అడుగుతారు. అది పెరిగితే ఇటీవల స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే అర్థం. కిడ్నీ జబ్బు ఉందని కాదు. చర్మ ఇన్ఫెక్షన్ తర్వాత అది అంతగా పెరగకపోవచ్చు, అప్పుడు అదే బ్యాక్టీరియాపై మరో యాంటీబాడీని కొలిచే యాంటీ-డీఎన్ఏజ్ బీ పరీక్ష ఎక్కువ ఉపయోగపడుతుంది. నా దృష్టిలో అసలు ఆధారం కాంప్లిమెంట్ సీ3, అంటే శరీర రక్షణ వ్యవస్థకు చెందిన ఒక రక్త ప్రోటీన్. ఈ జబ్బులో అది దాదాపు ఎప్పుడూ పడిపోతుంది, అదే కోవకు చెందిన సీ4 మాత్రం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. రెండూ తగ్గితే, రక్షణ వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే లూపస్ జబ్బు కోసం వెతకాలి. ఐజీఏ నెఫ్రోపతీలో సీ3 తగ్గదు.

ఫలితాలు వచ్చేదాకా బీపీని వదిలేయకూడదు. తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే అధిక బీపీ మెదడును దెబ్బతీస్తోందేమోనని వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

[తెరపై: వారాలు గడిచేకొద్దీ సీ3 పెరిగే గీత]

చాలామంది పిల్లలకు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం రాదు. కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో వేగంగా పెరుగుతున్నా, మూత్రంలో ప్రోటీన్ భారీగా పోతున్నా, 8 నుంచి 12 వారాలు దాటినా సీ3 కోలుకోకపోయినా, వేరే జబ్బు దాగి ఉండవచ్చు గనుక అప్పుడు చేయిస్తారు. మూత్రంలో కంటికి కనిపించని రక్తకణాలు మాత్రం కొన్ని నెలలు ఉండవచ్చు. బీపీ, క్రియాటినిన్, సీ3 మామూలుగా ఉంటే, కేవలం ఆ కారణంగా బయాప్సీకి తొందరపడనక్కర్లేదు.