రేపిన్ వదిలిపెట్టని ముఖాలు

అందరికీ నమస్కారం.

రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ 1844లో చుగుయెవ్‌లో పుట్టాడు. ఇప్పుడా ఊరు ఉక్రెయిన్‌లో ఉంది. కుర్రతనంలో చర్చిలకు దేవుడి పటాలు వేసి, ఆ డబ్బుతో 19 ఏళ్లకు పీటర్స్‌బర్గ్ చేరాడు. అక్కడి చిత్రకళా అకాడెమీలో చదువుతుండగానే 1870 వేసవిలో వోల్గా నది ఒడ్డుకెళ్లాడు. అక్కడ కానిన్ దొరికాడు. ఒకప్పుడు చర్చిలో పాదరీ, ఆ పదవి పోయాక పడవలు లాగే కూలీ.

'వోల్గా మీద పడవ లాగేవాళ్లు' బొమ్మలో 11 మంది ఉన్నారు. తలకు గుడ్డ చుట్టుకుని, ఛాతీ మీది పట్టీకి ఒళ్లంతా ఆనించి ముందు నడిచేవాడే కానిన్. బానిసగా అమ్ముడుపోయిన గ్రీకు తత్వవేత్తలా ఉన్నాడని రేపిన్ రాసుకున్నాడు. దూరంగా స్టీమర్ పొగ కనబడుతుంది చూడండి, ఆవిరి యంత్రం వచ్చాక కూడా మనుషులే లాగుతున్నారు! ఈ బొమ్మని జార్ కొడుకు కొని బిలియర్డ్స్ గదిలో తగిలించుకున్నాడు. ఇంకేం చెప్పను?

రేపిన్‌కి ఓ జబ్బుండేది. ముఖం వేశాక వదలబుద్ధి కాదు. ప్రవాస శిక్ష ముగించుకుని హఠాత్తుగా ఇంటికొచ్చిన విప్లవకారుడి బొమ్మ ఒకటుంది, 'ఎదురుచూడలేదు' అని. మాస్కోలో బొమ్మల గ్యాలరీ పెట్టిన వ్యాపారి త్రెత్యకోవ్ దాన్ని కొని గోడకి తగిలించాక, ఆయన ఇంట్లో లేనప్పుడు రేపిన్ రంగులతో వెళ్లి ఆ మనిషి ముఖం మార్చేశాడు. పెద్దాయనకి నచ్చలేదు. 1888లో మళ్లీ మార్చాడు. పాపం త్రెత్యకోవ్! అమ్మిన సరుకుని ఇలా మార్చే వ్యాపారి ఇంకెక్కడైనా ఉంటాడా?

అదే రేపిన్ 1881 మార్చిలో సైనిక ఆసుపత్రికి వెళ్లి, తాగుడుతో చివరికొచ్చిన సంగీతకర్త ముస్సోర్గ్‌స్కీని నాలుగు రోజుల్లో వేసేశాడు. రేగిన జుట్టు, ఎర్రబారిన ముక్కు, ఆసుపత్రి గౌను, ఎటో చూస్తున్న తడి కళ్లు. ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే ఆయన పోయాడు. నా లెక్కలో రేపిన్ వేసిన గొప్ప ముఖం ఇదే, వోల్గా కూలీలు కూడా దీని తర్వాతే.

ఇక 1885 నాటి బొమ్మ, పాతకాలపు రష్యా జార్ ఇవాన్ ది టెర్రిబుల్‌ది. కోపంలో కన్నకొడుకుని కొట్టి, నెత్తురు కారే ఆ తలని ఒడిలో అదుముకుని, కళ్లు వెళ్లబెట్టిన తండ్రి. కొన్ని నెలలు ప్రభుత్వమే ప్రదర్శన ఆపించింది. 1913లో బలాషోవ్ అనే యువకుడు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలోకొచ్చి కత్తితో ఆ ముఖాల మీద మూడు గాట్లు పెట్టాడు. బాధ తట్టుకోలేక గ్యాలరీ సంరక్షకుడు ఖ్రుస్లోవ్ రైలు కింద పడ్డాడు.

రేపిన్ పరుగున వచ్చాడు. వచ్చి ఊరుకోలేదు, ఇవాన్ తలని కొత్త రంగుల్లో మళ్లీ వేశాడు. అప్పటికి ఆయనకి 68 ఏళ్లు, చేతి తీరే మారిపోయింది. గ్యాలరీ బాధ్యతల్లో ఉన్న చిత్రకారుడు గ్రాబర్ చూసి, తడి ఆరకముందే ఆ రంగు తుడిపించి, పాత ముఖాన్నే జాగ్రత్తగా అతికించాడు. కొన్నాళ్లకి రేపిన్ మళ్లీ వచ్చి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడట, తన రంగు పోయిందని మాత్రం కనిపెట్టలేదట. ఈ మాట రాసుకున్నది గ్రాబరే.