వాతావరణ నిధుల్లో ఆరోగ్యానికి దక్కుతున్నదెంత?

అందరికీ నమస్కారం.

ఈ సభలో డాక్టర్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వైద్య విద్యార్థులు ఉన్నారు. అంతర్జాతీయ వాతావరణ నిధులు, అంటే వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు బయటి నుంచి వచ్చే డబ్బు, అనగానే అదేదో ఢిల్లీ పెద్దల వ్యవహారం అనిపిస్తుంది. నిజానికి తుఫాను రాత్రి కరెంటు పోతే మీ పీహెచ్‌సీలో వ్యాక్సిన్ల ఫ్రిజ్ నడుస్తుందా, ఆగుతుందా అన్నది కూడా ఆ డబ్బుకు సంబంధించిన విషయమే.

2022లో పాకిస్తాన్‌లో ఏం జరిగిందో చూడండి. ఆ వానాకాలం వరదలు 3.3 కోట్ల మందిని దెబ్బతీశాయి. 1,700 మందికి పైగా చనిపోయారు. సింధ్ రాష్ట్రంలో చాలాచోట్ల నీళ్లు నెలల తరబడి కదల్లేదు. నిలిచిన నీళ్లలో ఏం పెరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏడాది దేశం మొత్తం మీద సుమారు 5 లక్షలున్న మలేరియా కేసులు 2022లో 26 లక్షలకు చేరాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. టీవీల్లో వరద వార్తలు ఆగిపోయాక కూడా జ్వరాలు ఆగలేదు. అప్పటికే వందలాది ఆరోగ్య కేంద్రాలు దెబ్బతిని ఉన్నాయి.

ప్రపంచం విడిచే కర్బన ఉద్గారాల్లో పాకిస్తాన్ వాటా ఒక శాతం కూడా లేదు. నష్టం మాత్రం సుమారు 3,000 కోట్ల డాలర్లు. 2023 జనవరిలో జెనీవాలో దాతలు సమావేశమై 900 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. వినడానికి బాగానే ఉంది. అయితే అందులో అధిక భాగం అప్పు. ఎవరో పెట్టిన మంటకు ఇల్లు కాలిపోయినవాడి చేతికి ప్రామిసరీ నోటు ఇచ్చి సంతకం పెట్టమన్నట్టుంది. ఇది అన్యాయం, ఆ మాట గట్టిగా అనాలి.

ఇదేమీ ఒక్క పాకిస్తాన్ కథ కాదు. 2009లో కోపెన్‌హాగెన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాటిచ్చాయి. ఆ మాట నెరవేరింది రెండేళ్లు ఆలస్యంగా, 2022లో. ఆ ఏడాది ప్రభుత్వాల నుంచి, అభివృద్ధి బ్యాంకుల నుంచి వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులకు పైగా రుణాలే. 2024లో బాకులో జరిగిన అదే వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్నారు. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. ఆ ఒప్పందాన్ని ఆమోదించేసిన వెంటనే భారత ప్రతినిధి చాందినీ రైనా లేచి అభ్యంతరం చెప్పారు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

ఇక ఆరోగ్యం వాటా. అంతర్జాతీయ సంస్థల ద్వారా వచ్చే వాతావరణ నిధుల్లో ఆరోగ్య ప్రాజెక్టులకు దక్కేది అర శాతం దగ్గరే ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎందుకింత తక్కువ? నా లెక్కలో అసలు కారణం ఆ అప్పుల పద్ధతిలోనే ఉంది. సోలార్ ప్లాంటుకు అప్పిస్తే కరెంటు అమ్మి తిరిగి కడతారు. డయేరియా రాకుండా ఆపిన పిల్లాడి దగ్గర బిల్లు వసూలు చేయలేం కదా! రాబడి చూసి ఇచ్చే డబ్బు ఆసుపత్రి దాకా రాదు. కాబట్టి ఆరోగ్యానికి రావాల్సింది గ్రాంటు రూపంలోనే రావాలి, దానికంటూ ఒక పద్దు ఉండాలి. 2023లో దుబాయ్ సదస్సులో మొదటిసారి ఆరోగ్యానికి ఒక రోజు కేటాయించారు, 120కి పైగా దేశాలు ప్రకటన మీద సంతకాలు చేశాయి. మంచిదే. పద్దు మాత్రం ఇంకా పెరగాల్సే ఉంది.

మన దగ్గరికి ఈ డబ్బు అసలు రాలేదని కాదు. దక్షిణ కొరియా కేంద్రంగా పనిచేసే గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకు 4.34 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. మడ అడవులను బాగుచేయడం, తీరంలో బతికే వాళ్లకు ఉపాధి చూపడం దాని ప్రధాన ఉద్దేశాలు. చాలా అవసరమైన పని. అదే తీరంలోని ఆసుపత్రుల కోసం ఇలాంటి దరఖాస్తు ఎందుకు వెళ్లకూడదన్నదే నా ప్రశ్న.

దరఖాస్తు పెట్టాలంటే ఆ ఫండ్ మొదట రుజువు అడుగుతుంది: ఈ నష్టం వాతావరణ మార్పు వల్లేనా? ఇక్కడే మనం వెనకబడ్డాం. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా ఎండకు చనిపోయారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. పొలంలో కూలిపోయిన ఉపాధి కూలీ మరణం కాగితం మీద గుండెపోటుగానే మిగిలిపోతుంది. అహ్మదాబాద్ అలా వదిలేయలేదు. 2010 మే నెలలో మామూలు కంటే ఎన్ని మరణాలు ఎక్కువయ్యాయో లెక్క తీస్తే 1,344 అని తేలింది. 2013లో ఆ నగరానికి వడగాడ్పుల ప్రణాళిక వచ్చింది. లెక్క ఉంది కాబట్టే వాదన నిలబడింది.

అందుకే ఈ వేసవికి మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. వడదెబ్బ అనుమానంతో మనిషి రాగానే ఒంటి ఉష్ణోగ్రత కొలిచి రాయండి. ఎండలో ఏ పని చేస్తున్నాడో, ఎంతసేపు ఉన్నాడో ఇంటివాళ్లను అడిగి రాయండి. చనిపోతే, కారణం వడదెబ్బేనని మీకు తేలినప్పుడు సర్టిఫికెట్‌లో ఆ మాటే రాయండి, ఎవరు వద్దన్నా సరే. ఆ కాగితాలు జిల్లా ఆఫీసుకు చేరేలా చూడండి. రాష్ట్రం తరఫున దరఖాస్తు తయారుచేసేవాళ్లకు ముందుగా కావాల్సినవి అవే.