టీవీ మీద దుప్పటి కప్పితే సీరియల్‌కి ఏమవుతుంది?

[దృశ్యం: మలక్‌పేటలో ఒక ఇల్లు. హాల్లో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. డైలాగులు మాత్రం వినిపిస్తున్నాయి.]

మొన్న మా పెద్దమ్మ వాళ్లింట్లో ఒక తుంటరి పని చేశాను. సాయంత్రం సీరియల్ మొదలవగానే టీవీ మీద దుప్పటి కప్పేశాను. పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఎపిసోడ్ అయిపోయాక వెళ్లి, "ఇవాళ ఏమైంది పెద్దమ్మా?" అని అడిగాను. ఎవరొచ్చారు, ఎవరేడ్చారు, పాలల్లో ఏదో కలిపింది చిన్న కోడలేనని కూడా చెప్పేసింది. హాల్లోకి వచ్చి దుప్పటి చూశాక మాత్రం, "పిచ్చి లేసిందా ఏంది నీకు?" అంది.

ఆమె ఒక్క బొమ్మ కూడా చూడలేదు. అయినా కథ మొత్తం అందింది.

సీరియల్ అనగానే మనం వెక్కిరించేవి కొన్ని ఉన్నాయి కదా. చెప్పిందే మళ్లీ చెప్పడం. తలుపు తీసి ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ కూడా "వదినా, నువ్వా!" అనడం. వెనక నుంచి దడేల్‌మని పిడుగు పడ్డట్టు మ్యూజిక్. ఇదంతా మన రచయితలకు చేతకాక అనుకుంటాం. కాదు. దీని వెనక సబ్బు ఉంది.

[దృశ్యం: పాత చెక్క రేడియో. పక్కనే నురగ పొంగుతున్న బకెట్.]

ఇంగ్లీషువాళ్లు సీరియల్‌ని సోప్ ఒపెరా అంటారు, ఒపెరా అంటే పాటలతో నడిచే నాటకం. ముద్దుగా సోప్. (మనవాళ్లు బాస్‌కి వేసే సోపు వేరు, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.) అమెరికాలో 1930లో ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ చికాగో రేడియోలో పగటిపూట ఒక కుటుంబ కథ మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె టీచరు. 1933లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే సబ్బుల కంపెనీ ఆక్సిడాల్ అనే బట్టలుతికే పొడి అమ్ముకోవడానికి 'మా పెర్కిన్స్' అనే కథకు డబ్బు పెట్టింది. భర్త పోయాక టింబర్ డిపో నడుపుకుంటూ ఊళ్లో అందరి కష్టాలూ తన నెత్తిన వేసుకునే ఒక పెద్దావిడ కథ అది. 1960 దాకా నడిచింది, 7 వేలకు పైగా ఎపిసోడ్లు. ఆ పెద్దావిడ గొంతు మొదటి నుంచి చివరి దాకా ఒక్క నటిదే. పేరు వర్జీనియా పేన్, మొదలుపెట్టినప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లే.

కౌబాయ్ సినిమాలను అప్పట్లో వెటకారంగా హార్స్ ఒపెరా అనేవారు. సబ్బు కంపెనీల కథలకూ అదే వరసలో పేరు పడింది.

ఇప్పుడు ఆ రచయిత కష్టం చూడండి. సబ్బు కొనే ఇల్లాలు పగలు ఇంట్లోనే ఉంది, కానీ చేతులు ఖాళీ లేవు. చెవులే ఖాళీ. పొయ్యి మీద కూరకో, పిల్లాడి ఏడుపుకో మధ్యలో లేచి పోతుంది. మంగళవారం ఎపిసోడ్ తప్పిపోతుంది. అందుకని పేరు పెట్టి పిలవాలి, లేకపోతే మాట్లాడేది ఎవరో తెలియదు. మంగళవారం జరిగింది బుధవారం ఇంకొకరి నోట చెప్పించాలి. కొంప మునిగే ఘట్టం వస్తే ఆర్గాన్ అనే వాయిద్యం గట్టిగా వాయించాలి, వంటింట్లో ఉన్న మనిషి చెవి రిక్కించాలి కదా. సోమవారం మళ్లీ రేడియో పెట్టాలంటే శుక్రవారం కథను సగంలో ఆపాలి.

తర్వాత టీవీ వచ్చింది. 'గైడింగ్ లైట్' అనే రేడియో కథ 1952లో టీవీకెక్కింది. 1956 దాకా రెండింట్లోనూ నడిచింది. రేడియోలో విన్న కథనే టీవీలో చూపించారన్నమాట. 2009లో ఆగే నాటికి దాని వయసు డెబ్బై రెండేళ్లు.

[దృశ్యం: నలుపు తెలుపు టీవీ. తర్వాత రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం గేటు.]

మన దేశానికొస్తే చిన్న తమాషా. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన మొదటి పెద్ద సీరియల్ 'హమ్ లోగ్'కి స్పాన్సర్ సబ్బు కాదు, మ్యాగీ నూడుల్స్. సబ్బులు అప్పటికే సినిమావాళ్లను పట్టుకున్నాయి. 1941లో లీలా చిట్నిస్‌తో మొదలైన లక్స్ తారల వరస, 2005లో గులాబీ రేకుల తొట్టిలో కూర్చున్న షారుఖ్ ఖాన్ దాకా వచ్చింది. నాకు ఇంకా నచ్చేది లలితాజీ కథ. సర్ఫ్ ప్రకటనలో బేరమాడే ఆ గడుసు ఇల్లాలు కవితా చౌదరి. 1989లో 'ఉడాన్' సీరియల్‌ని తానే రాసి, తీసి, నటించింది.

హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ వచ్చాక సీరియళ్లు మన ఇళ్లల్లో కాపురం పెట్టేశాయి. పద్ధతి మాత్రం కొంచెం మారింది. అమెరికాలో సబ్బు కంపెనీయే కథను సొంతంగా తీయించేది. ఇక్కడ సీరియల్ ఛానల్‌ది. సబ్బువాళ్లు కొనుక్కునేది మధ్యలో సెకన్లు. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ పన్నెండు నిమిషాల్లోనే సబ్బులు, షాంపూలు, క్రీములు తోసుకుంటాయి.

నన్ను అడిగితే అసలు డ్రామా అక్కడే ఉంది. 'కార్తీక దీపం' గుర్తుంది కదా? నల్లగా ఉందని దీప పడే బాధకు ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంది. సరిగ్గా కళ్లు తుడుచుకునే టైముకు బ్రేక్. బ్రేక్‌లో, ముఖం తెల్లబడే క్రీమ్.

[దృశ్యం: మళ్లీ మలక్‌పేట హాలు. ఈసారి దుప్పటి కింద ఒక వెబ్ సిరీస్ నడుస్తోంది.]

మర్నాడు అదే టీవీ, అదే దుప్పటి. ఈసారి నేను పెట్టింది అవార్డులొచ్చిన వెబ్ సిరీస్. చూపులతోనే కథ చెబుతారు, మ్యూజిక్ ఉండీ లేనట్టుంటుంది. పది నిమిషాలయ్యాక వంటింట్లోంచి కేక వినపడింది.

"అరేయ్, టీవీ బంద్ చేసి పోయినవారా?"