కండక్టరు వెనక సీటు దాకా

శ్రోతలకు నమస్కారం.

బస్సుల్లో టికెట్ లేని ప్రయాణం గురించి, ప్రయాణికుల భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది జరిమానా కాదు, చట్టమూ కాదు. నాలుగైదేళ్ళ కిందట చంద్రగిరి నుంచి తిరుపతికి వస్తున్న ఒక పల్లెవెలుగు బస్సు, అందులో టికెట్లు కొడుతున్న ఒక కండక్టరమ్మ గుర్తుకు వచ్చారు. చట్టం సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ సాయంత్రం ఏం జరిగిందో వినండి.

సాయంత్రం ఐదు దాటింది, కాలేజీలు వదిలే వేళ. చంద్రగిరిలోనే బస్సు నిండిపోయింది. నేను నడిమధ్య సీట్లో కూర్చున్నాను. కండక్టరమ్మ ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా టికెట్ కొట్టి, నేనిచ్చిన ఐదు వందల నోటుకు చిల్లర వెతికి ఇచ్చి వెనక్కి వెళ్ళే సరికి తొండవాడ దాటిపోయింది. వెనక నుంచి మూడో వరుస దగ్గర, పైనున్న కడ్డీ పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇంటర్మీడియట్ చదివే వయసు. ఆమె వెనక ఒక నడివయసు మనిషి. అమ్మాయి ఒక అడుగు ముందుకు జరిగితే అతనూ ఒక అడుగు జరుగుతున్నాడు. బస్సు కుదుపుకు పడ్డట్టుగా మీద పడుతున్నాడు, కుదుపు లేనప్పుడూ పడుతున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు.

కండక్టరమ్మ అక్కడికి వెళ్ళి అతని ముఖం చూడలేదు. ముందు ఆ అమ్మాయి చేతులు చూసింది. కడ్డీని పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రెండో చేతి పిడికిలికి కాలేజీ ఐడీ కార్డు తాడు రెండు మూడు చుట్లు బిగించి చుట్టుకుని ఉంది. ఆ చేతుల్ని చూశాక కండక్టరమ్మ అతని వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "సామీ, టికెట్ చూపించు" అంది. అతను జేబులోంచి తీసి ఇచ్చాడు.

"ఇది తొండవాడ టికెట్టు కదా సామీ. తొండవాడ ఎప్పుడో దాటిపోయింది."

"తిరుపతికి కొట్టు, డబ్బులిస్తా."

"కొడతా. అంతకుముందు నువ్వు ముందుకొచ్చి డ్రైవరన్న పక్కన నిలబడు. లెక్క ఆడ చూసుకుందాం."

అతను గొణుగుతూనే జనం మధ్య నుంచి ముందుకు నడిచాడు, నడవక తప్పలేదు. ఎందుకంటే అక్కడ నడుస్తున్నది టికెట్ సంగతి, అందులో తప్పు అతనిది. ఆ తరువాత ఆమె అమ్మాయితో, "పాపా, పోయి నా సీట్లో కూర్చో, పాస్ తరువాత చూస్తాలే" అంది. ఎం.ఆర్. పల్లి వచ్చేటప్పుడు ఆమె వంగి, "పోలీస్ స్టేషన్ కాడ బస్సు ఆపమంటావా?" అని మెల్లగా అడగడం నాకు వినిపించింది. అమ్మాయి వద్దన్నట్టు తల ఊపింది. కండక్టరమ్మ బలవంతపెట్టలేదు. బాలాజీ కాలనీలో అమ్మాయి దిగింది. అతనూ దిగబోతే, "నీ టికెట్ తిరుపతి బస్టాండుకు కొట్టినా సామీ, ఆడే దిగు" అని బస్సుకు రైట్ చెప్పేసింది.

ఆ కండక్టరమ్మ పేరు నాకు తెలియదు. కానీ టికెట్ తనిఖీ అనేది, భద్రత అనేది రెండు వేర్వేరు పనులు కావని నాకు తెలియజెప్పింది ఆమే. బస్సు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ప్రతి మనిషి ముఖాన్నీ ఒక్కసారైనా చూసే వ్యక్తి కండక్టరు ఒక్కరే. పోలీసు రావాలంటే ఎవరో పిలవాలి, కండక్టరు పిలవకుండానే వస్తారు. టికెట్ కోసం వస్తారు, మనిషిని కూడా చూస్తారు.

చట్టం కూడా ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 123వ సెక్షను ఫుట్‌బోర్డు మీద, బస్సు టాపు మీద ప్రయాణించకూడదంటుంది. దాని వెంటనే వచ్చే 124వ సెక్షను టికెట్ గానీ పాస్ గానీ లేకుండా బస్సులో ఉండకూడదంటుంది. బస్సులోనే టికెట్ ఇచ్చే ఏర్పాటు ఉన్నచోట, ఎక్కిన తరువాత వీలైనంత త్వరగా డబ్బు చెల్లించి టికెట్ తీసుకోవలసిన బాధ్యత ప్రయాణికుడిదేనని ఆ సెక్షను స్పష్టంగా చెబుతుంది. కండక్టరు అడగలేదనడం సమాధానం కాదన్నమాట. 178వ సెక్షను ప్రకారం టికెట్ లేని ప్రయాణికుడికి 500 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వని కండక్టరుకూ అదే సెక్షనులో శిక్ష ఉంది.

అయితే ఇద్దరికీ పడే భారం ఒకటి కాదు. ప్రయాణికుడు జరిమానా కట్టి ఇంటికి పోతాడు, కండక్టరుకు మాత్రం ఆ రోజు నుంచి విచారణ మొదలవుతుంది. టికెట్లన్నీ ఇచ్చిన తరువాతే బస్సు కదలాలన్న నిబంధనను డిపోల్లో 'ఇష్యూ అండ్ స్టార్ట్' అంటారు. కిక్కిరిసిన బస్సులో అది ఎంత కష్టమో ఎక్కి చూసినవారికి తెలుసు. టికెట్ లేని ప్రయాణికులు దొరికారన్న ఆరోపణ మీద ఉద్యోగం పోయిన ఒక హరియాణా కండక్టరు కేసులో, ఆ ప్రయాణికుల వాంగ్మూలాలు నమోదు చేయనంత మాత్రాన శాఖాపరమైన విచారణ చెల్లకుండా పోదని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఎగ్గొట్టే కండక్టర్లను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ టికెట్ తీసుకోకుండా రెండు స్టేజీలు దాటే మనిషి, తనకు తెలియకుండానే, మరొకరి ఉద్యోగాన్ని పణంగా పెడుతున్నాడన్న సంగతి మనకు ఎవరూ చెప్పరు కనుక ఇక్కడ చెబుతున్నాను.

ఇప్పుడు ఈ విషయం మరింత దగ్గరైంది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైన తరువాత పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. ఉచితమే కదా, టికెట్ ఎందుకని కొందరు అక్కచెల్లెళ్ళు అడగడం నేను విన్నాను. తీసుకోవాలమ్మా. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి. ప్రభుత్వం ఆర్టీసీ సంస్థకు డబ్బు చెల్లించేది ఆ టికెట్ల లెక్క ప్రకారమే. అంతకన్నా ముఖ్యంగా, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే మీరు ఆ బస్సులో ఉన్నారని చెప్పే కాగితం అదే. ధర సున్నా అయినా దాని విలువ సున్నా కాదు.

రైళ్ళ విషయం ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను, కానీ ఆ ఒక్క మాట నాకు చాలా ఇష్టమైనది. 1989 నాటి రైల్వే చట్టం టికెట్ లేనివారి దగ్గర ఛార్జీ మీద అదనపు రుసుము వసూలు చేయమంటుంది, కట్టనివారిని దించివేయవచ్చంటుంది. అయితే 139వ సెక్షనులో ఒక కట్టుబాటు పెట్టింది. వెంట మగ తోడు లేని స్త్రీని గానీ బిడ్డను గానీ ఎక్కడపడితే అక్కడ దించకూడదు. బయలుదేరిన స్టేషనులోనో, జంక్షనులోనో, చివరి స్టేషనులోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే, అదీ పగటిపూట మాత్రమే దించాలి. రావలసిన డబ్బు కన్నా మనిషి క్షేమం ముందని చట్టమే ఒప్పుకున్న చోటు అది. కొండకు వచ్చే భక్తులతో రాత్రింబవళ్ళు కిటకిటలాడే మన తిరుపతిలో, బస్సుల్లో కూడా అందరూ ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. పాస్ మరిచిపోయిన బడిపిల్లను చీకటి పడే వేళ దారిలో దించవద్దు. పేరు రాసుకోండి, బడికి కబురు పంపండి, కానీ దించవద్దు.

ఇక మనం చేయగలిగినదేమిటి? తనిఖీ సిబ్బందిని పెంచడం, పోలీసులు మఫ్టీలో బస్సులెక్కడం వంటివి అధికారుల చేతిలో ఉన్నాయి. ఆపదలో 112కు ఫోన్ చేయడం మన చేతిలో ఉంది. కానీ నేను ఈరోజు అడుగుతున్నది అంతకన్నా చిన్నది. బస్సెక్కగానే టికెట్ డబ్బు, వీలైనంత వరకు సరిపడా చిల్లర, చేతిలో పట్టుకోండి. ఆధార్ కార్డును సంచీ అడుగున కాకుండా పైన పెట్టుకోండి. పాస్ ఉన్న పిల్లలు అడగకముందే చూపించండి. ఒక్కొక్కరి దగ్గర పది సెకన్లు మిగిలినా, యాభై మంది ఉన్న బస్సులో కండక్టరుకు ఎనిమిది నిమిషాలు మిగులుతాయి.

చంద్రగిరి నుంచి తొండవాడకు అంత సేపు కూడా పట్టదు. ఆ సాయంత్రం నేనిచ్చిన ఐదు వందల నోటుకు చిల్లర కోసం కండక్టరమ్మ సంచీ అంతా తడిమింది. ముందు సీట్లవాళ్ళను అడిగింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. అంతసేపూ ఆ అమ్మాయి వెనక నుంచి మూడో వరుస దగ్గర ఆ కడ్డీ పట్టుకునే ఉంది. నా జేబులో అప్పుడు పది రూపాయల నోట్లు ఉన్నాయి.

నమస్కారం.