ఆవకాయ సీసాకి 14,200 కుదుపులు

హోస్ట్: హలో, హలో... రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది. అందరికీ నమస్తే. ఈ వారం ఎపిసోడ్ మా ఇంట్లో గొడవతో మొదలైంది. మా అమ్మ న్యూజెర్సీలో ఉన్న మా అక్కకి ఆవకాయ పంపింది, గాజు సీసాలోనే పంపాలి ప్లాస్టిక్ అయితే వాసన పడుతుంది అని ఆవిడ పట్టు, సరే అని బబుల్ ర్యాప్ నాలుగు చుట్లు, చుట్టూ థర్మోకోల్ ముక్కలు, పైన మా నాన్న పాత లుంగీ, డబ్బాకి ఆరు వైపులా ఎర్రటి ఫ్రాజైల్ స్టిక్కర్లు. అక్కడ తెరిస్తే సీసా మూడు ముక్కలు, లుంగీ నిండా నూనె. అందుకే ఇవాళ మా అన్నని పట్టుకొచ్చా. ప్యాకేజింగ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పన్నెండేళ్ళుగా డబ్బాలు కింద పడేస్తున్నారు, పైగా దానికి జీతం కూడా తీసుకుంటున్నారు.

గెస్ట్: (నవ్వు) మా ఆవిడ కూడా ఇదే అంటది. ఇంట్లో గ్లాసు పడేస్తే తిడతావు ఆఫీసులో ఫ్రిజ్ పడేస్తావు అని.

హోస్ట్: అన్నా ముందు ఇది చెప్పండి, అంత పకడ్బందీగా కట్టినా ఎందుకు పగిలింది?

గెస్ట్: నువ్వు చెప్పినదాంట్లోనే ఉంది కదరా. థర్మోకోల్ ముక్కలు అన్నావు. అవి సీసాని పట్టుకోవు, రెండు వేల కిలోమీటర్లు లారీలో ఊగేసరికి ముక్కలు పక్కకి జరిగి సీసా మెల్లగా అడుగుకి దిగిపోద్ది, అప్పుడు డబ్బా ఎక్కడన్నా ఒక్కసారి పడితే చాలు, కింద దెబ్బ ఆపేది ఏం లేదు. ఇక స్టిక్కర్ సంగతి అంటావా, కన్వేయర్ బెల్ట్‌కి చదువు రాదు.

హోస్ట్: (నవ్వు) స్టిక్కర్‌కే మా నాన్న అరవై రూపాయలు పెట్టాడు.

గెస్ట్: దీని కోసమే ఒక సంఘం ఉంది, ఇస్టా అంటారు, ఇంటర్నేషనల్ సేఫ్ ట్రాన్సిట్ అసోసియేషన్, అమెరికాలో మిషిగన్ వాళ్ళది. 1948లో మొదలైంది. ఎందుకు మొదలైందో తెలుసా, స్టవ్‌లకి, వాషింగ్ మెషిన్లకి పైన తెల్లగా నున్నగా పోర్సిలిన్ ఎనామెల్ పూత ఉండేది, ఫ్యాక్టరీలో మిలమిలలాడేది, రైల్లో, లారీలో వెళ్ళి షాపుకి చేరేలోపు పెచ్చులు లేచిపోయేది, లేచిన చోట తుప్పు. ఆ ఎనామెల్ కంపెనీలన్నీ కూర్చుని, మన సరుకు దారిలో ఏమేం తింటుందో ముందే ఫ్యాక్టరీలో తినిపించి చూద్దాం అనుకున్నాయి. అప్పట్లో దాని పేరు నేషనల్ సేఫ్ ట్రాన్సిట్ కమిటీ.

హోస్ట్: అంటే దెబ్బలు ముందే ప్రాక్టీస్ చేయించడం.

గెస్ట్: ఆ, మంచిగా చెప్పావు. వాళ్ళ టెస్టుల్లో అన్నిటికన్నా చిన్నది వన్-ఏ, 68 కిలోల లోపు డబ్బాలకి. మేం ఏం చేస్తామంటే ముందు డబ్బాకి స్కెచ్ పెన్‌తో నంబర్లు వేస్తాం, పైది ఒకటి, కుడి పక్క రెండు, అడుగు మూడు, అట్లా ఆరు ముఖాలు. ఆ తర్వాత వైబ్రేషన్ టేబుల్ మీద పెడతాం. టేబుల్ ఒక అంగుళం మేర పైకీ కిందకీ కొడుతుంటది, స్పీడు మెల్లమెల్లగా పెంచుతాం, ఎక్కడిదాకా అంటే, 1.5 మిల్లీమీటర్ల మందం రేకు ముక్క ఒకటి ఉంటది నా జేబులో, దాన్ని డబ్బా అడుగున ఒక అంచు కింద దూర్చి చూస్తా. దూరింది అంటే డబ్బా నిజంగా ఎగురుతోంది అని అర్థం, అక్కడ స్పీడ్ ఆపేస్తాం. అక్కణ్ణుంచి లెక్క, 14,200 కుదుపులు.

హోస్ట్: పద్నాలుగు వేలా!

గెస్ట్: గంటకి అటూ ఇటూ పడుతది. ఆ గంట ల్యాబ్‌లో మాట వినపడదు, పక్క గదిలోవాళ్ళు వచ్చి తలుపేసి పోతారు. కొత్తలో నాకు రాత్రి మంచం మీద పడుకున్నా ఆ దడదడ వినిపించేది. అది అయ్యాక అప్పుడు డ్రాప్, పది సార్లు. ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాలు. మూల మొదట, అది కూడా ఏ మూల పడితే ఆ మూల కాదు, రెండు-మూడు-ఐదు కలిసే మూల.

హోస్ట్: ఎంత ఎత్తు నుంచి? మేడ మీద నుంచా?

గెస్ట్: అబ్బే. మీ సీసా డబ్బా నాలుగు కిలోలు ఉంటది అనుకో, పది కిలోల లోపు కాబట్టి 760 మిల్లీమీటర్లు, రెండున్నర అడుగులు. ఇప్పుడు చూడు తమాషా, అదే 50 కిలోల డబ్బా అయితే 200 మిల్లీమీటర్లే, జానెడు.

హోస్ట్: అదేంటి ఉల్టా? బరువుది కదా ఎక్కువ ఎత్తు నుంచి వేయాల్సింది.

గెస్ట్: నువ్వే ఆలోచించు, నాలుగు కిలోల డబ్బాని మనిషి ఏం చేస్తాడు? లారీ మీద నుంచి కింద ఉన్నోడికి విసురుతాడు. క్యాచ్ రా అంటాడు. యాభై కిలోలదాన్ని విసరలేడు కదా, ఇద్దరు పట్టి మోస్తారు, జారితే మోకాలి కిందే జారుద్ది. అంటే తేలిక డబ్బాకే గండం ఎక్కువ. మన ఇళ్ళల్లో అందరూ బరువుదానికి గట్టి ప్యాకింగ్ చేసి, చిన్న పార్సిల్‌కి ఒక కవర్ తగిలించి పంపుతారు.

హోస్ట్: ఆగండాగండి, ఇది మా అమ్మ వినాలి. మరి ఈ టెస్ట్ పాసయితే దారిలో ఏం కాదనా?

గెస్ట్: కాదు. వన్ సిరీస్ డబ్బాకి కనీసం దమ్ము ఉందా అని చూసేదే, అసలు రోడ్డు ఎట్లుంటదో చూపించదు. దానికి త్రీ సిరీస్ ఉంది. త్రీ-ఏ అంటే కొరియర్ పార్సిల్‌కి. అందులో వైబ్రేషన్ ఒకటే లయలో ఉండదు, నిజం లారీలు, విమానాల్లో సెన్సార్లు పెట్టి రికార్డ్ చేసిన కుదుపులు, గజిబిజిగా, పైన బరువు పెట్టి, ముందు కొన్ని డ్రాపులు, ఊపడం, మళ్ళీ డ్రాపులు. వన్-ఏ పాసై త్రీ-ఏ లో ఠపీమన్న డబ్బాలు నేను బోలెడు చూశా.

హోస్ట్: ఈ మధ్య వాళ్ళ దగ్గర్నుంచి కొత్త వార్తలు ఏంటి మరి?

గెస్ట్: మాకు వచ్చే మెయిళ్ళలో ఎప్పుడూ ఉండేవి సభలు, ట్రైనింగులు, టెస్ట్ మెథడ్స్‌లో మార్పులు. కానీ అసలు కథ ఈ పదేళ్ళలో మారిన చోటు వేరే, సిక్స్ సిరీస్. అవి ఇస్టా మెంబర్ల కోసం చేసిన టెస్టులు, అమెజాన్‌ది ఒకటి, ఫెడెక్స్‌ది ఒకటి. 2018లో అమెజాన్ ఏం చేసిందంటే, అమెరికాలో తన వెండర్లకి చెప్పింది, మీ సరుకు ఫలానా సైజు దాటితే దాని సొంత డబ్బాలోనే పోవాలి, మేం మళ్ళీ ఇంకో డబ్బాలో పెట్టం, టెస్ట్ చేయించుకు రండి అని. 2019 ఆగస్టు నుంచి చేయకపోతే ఒక్కో ప్యాకెట్‌కి 1.99 డాలర్లు కోత.

హోస్ట్: అబ్బో, రెండు డాలర్లంటే... లక్ష ప్యాకెట్లకి?

గెస్ట్: అదే కదా. ముందు ఇస్టా టెస్ట్ అంటే నాణ్యత మీద ఇష్టం ఉన్నోడు చేయించుకునేది. కొనేవాడు అడిగాక అది టికెట్ అయిపోయింది, అది లేకపోతే బండి ఎక్కనివ్వరు. అమెజాన్ సొంత డబ్బా పద్ధతిని అప్పట్లో ఎస్ఐఓసీ, అంటే షిప్స్ ఇన్ ఓన్ కంటైనర్ అనేవాళ్ళు, ఇప్పుడు పేరు మార్చి ఎస్ఐపీపీ, షిప్స్ ఇన్ ప్రొడక్ట్ ప్యాకేజింగ్ అంటున్నారు, మా ల్యాబ్‌లో పాత ఫైళ్ళ మీద ఒకటి, కొత్త ఫైళ్ళ మీద ఒకటి, ట్రైనీలు వచ్చి రెండూ వేరే టెస్టులనుకుంటారు. నా బాధ అది కాదు అసలు. చిన్న కంపెనీవాడు ఒకసారి పాసయి డబ్బా మీద ఇస్టా వాళ్ళ ట్రాన్సిట్ టెస్టెడ్ గుర్తు వేసుకుంటాడు, మెంబర్షిప్ కట్టి, ల్యాబ్ ఫీజు కట్టి, బానే ఉంది. ఆర్నెల్లకి అట్ట ధర పెరిగిందని ఫైవ్ ప్లై, అదే ఐదు పొరల అట్ట తీసి త్రీ ప్లై పెడతాడు. గుర్తు మాత్రం అలాగే ఉంటది.

హోస్ట్: మార్చితే మళ్ళీ చేయించాలా?

గెస్ట్: చేయించాలి. సరుకు మారినా, డబ్బా మారినా, తయారీ పద్ధతి మారినా మళ్ళీ టెస్టే. ఎవరు చేయిస్తారు? నాకు కొంచెం కోపం ఇక్కడే వస్తది. రిపోర్ట్ ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకున్నోళ్ళని చూశా.

హోస్ట్: మన దగ్గర ఇవి ఎవరికి పనికొస్తాయి? ఆవకాయ కాకుండా.

గెస్ట్: ఫార్మా వాళ్ళకి. జీనోమ్ వ్యాలీ నుంచి పోయే వ్యాక్సిన్ పెట్టె పగలకపోతే చాలదు, లోపల చల్లగా ఉండాలి. అందుకు సెవెన్-ఈ అని వేరే టెస్ట్ ఉంది, ఎండాకాలం ఒక ప్రొఫైల్, చలికాలం ఒకటి, పెట్టెని చాంబర్లో పెట్టి గంటగంటకీ బయట టెంపరేచర్ మారుస్తూ లోపల ఎంత ఉందో చూస్తాం. ఇస్టా టెస్టులు అన్నీ ఇష్టం మీద, చట్టం కాదు. యాసిడ్లు, మండే సరుకు అయితే వేరే, ఐక్యరాజ్యసమితి రూల్స్ ప్రకారం సర్టిఫికేట్ లేకుండా ఎగుమతి కుదరదు, దానికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఉంది, ముంబైలో 1966లో పెట్టారు, హైదరాబాద్‌లోనూ సెంటర్ ఉంది.

హోస్ట్: కాకినాడ, వైజాగ్ నుంచి పోయే సరుకుకి ఏమన్నా తేడా ఉంటుందా అన్నా, అక్కడ చెమ్మ కదా.

గెస్ట్: చాలా. అట్ట అంటే కాగితమే, గాల్లో చెమ్మ పీల్చుకుని మెత్తబడుద్ది. హైదరాబాద్ ల్యాబ్‌లో పైన బరువు మోసిన డబ్బా, వానాకాలంలో పోర్టు గోడౌన్లో నాలుగు రోజులుంటే నడుం వంచేస్తది. అడుగు వరస డబ్బాలు పొట్ట ఉబ్బి కనిపిస్తాయి చూడు, అదే. ఆవకాయకి ఇంకో సమస్య, నూనె. మూత దగ్గర చుక్క చుక్క కారితే అట్ట తడిసి మూల పట్టు పోద్ది, ఆ తర్వాత దెబ్బ డబ్బా తినదు, నేరుగా సీసాకే.

హోస్ట్: సరే, మా అమ్మ మళ్ళీ పంపుతానంటోంది, ఏం చెయ్యమంటారు?

గెస్ట్: థర్మోకోల్ ముక్కలు తీసెయ్యి. సీసా ఆకారానికి కోసిన ఫోమ్ కింద ఒకటి పైన ఒకటి, సీసా మెడ, అడుగు రెండూ ఇరుక్కోవాలి, పక్కలకి కనీసం రెండు వేళ్ళ జాగా. సీసాని ముందు జిప్ కవర్లో పెట్టు. డబ్బా కట్టాక చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల ఏమన్నా కదిలినట్టు వినిపిస్తే విప్పి మళ్ళీ కట్టు. శనివారం ల్యాబ్ ఖాళీగా ఉంటది, అమ్మని రెండు సీసాలు పెట్టమను.

హోస్ట్: రెండెందుకు?

గెస్ట్: ఒకటి పడేయడానికి. ఇంకోటి నాకు, మా ఇంట్లో ఈసారి కాయ దొరకలేదు.